అడిగినదానికే జవాబు

"ఈ కేసు వాయిదా!" అని బంట్రోతు తలుపులోంచి తల బయటికి పెట్టి అరిచేసరికి కండక్టరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది.

డిపోలో ఒక్కపూట సెలవు కోసం ముగ్గురి కాళ్లావేళ్లా పడి, ఇస్త్రీ బట్టలు కట్టుకుని, పొద్దున్నే వచ్చి ఈ వరండా బల్ల మీద కూలబడింది. ఎదురు గోడ మీద సున్నం ఎక్కడెక్కడ పెచ్చులూడిందో కళ్లు మూసుకుని కూడా చెప్పగలదు. అంతసేపు కూర్చోబెట్టాక చెప్పిన మాట అది. ఒకసారి జడ్జిగారు సెలవు. ఒకసారి వకీలుగారికి జ్వరం. ఒకసారి అందరూ ఉన్నారు, ఫైలు లేదు. ఇంకోసారి ఫైలు ఉంది, కరెంటు లేదు. ఇవాళ అన్నీ ఉన్నాయి కాని, ముందు కేసు జీడిపాకంలా సాగి సాగి పొద్దు వాలిపోయింది.

"ఏమయ్యా, మాకు వేరే పనీపాటా లేవనుకున్నారా?" అని నిలదీసింది.

"నా మీద అరిస్తే ఏం లాభం తల్లీ! నేనూ చెప్పింది అరిచేవాణ్ణే," అన్నాడు బంట్రోతు. "సంతకం పెట్టి వెళ్లు. మళ్లీ సమను వస్తుంది. రాకపోయావో, వారంటు వస్తుంది."

"బాగుందయ్యా! నేరం చేసినవాడు బెయిలు మీద హాయిగా తిరగొచ్చు, చూసినదాన్ని మాత్రం పట్టుకుపోతారా?"

అనేసి నాలుక కరుచుకుంది. ఆ నేరం చేశాడంటున్న మనిషి వరండా చివర స్తంభానికి ఆనుకుని నేల చూపులు చూస్తున్నాడు. పరాయివాడైతే బాగుండేది. సొంత అక్క మొగుడు.

ఇద్దరిదీ ఒకే బస్సు. బావ డ్రైవరు, ఆమె కండక్టరు. ఆ ఉద్యోగంలోకి రమ్మని ప్రోత్సహించి, దరఖాస్తు పెట్టించి, మొదటి రోజు బస్సెక్కించింది కూడా ఆయనే. బావ తోలితే ఒళ్లో పడుకున్న పసిపిల్లలు కూడా లేవరని ఆ దారిలో పేరు. అలాంటివాడి చేతిలో ఉన్న బస్సు ఒకరోజు ఆసుపత్రి మలుపు దగ్గర రోడ్డు దాటుతున్న దర్జీని కొట్టేసింది. చంకలో బట్టల మూట పెట్టుకుని నడుస్తున్న మనిషి, మూట ఒక దిక్కున, తానొక దిక్కున పడ్డాడు. ఆసుపత్రి అల్లంత దూరంలో ఉంది. అక్కడిదాకా కూడా ప్రాణం నిలవలేదు.

అతివేగం, నిర్లక్ష్యం అని పోలీసులు కేసు రాశారు.

నిజం అది కాదని కండక్టరమ్మకు తెలుసు. బ్రేకు సరిగా పట్టడం లేదని బావ చాలా రోజులుగా మొత్తుకుంటూనే ఉన్నాడు. సాయంత్రం బండి దిగగానే మెకానిక్కుకు చెప్పేవాడు. మెకానిక్కు "రేపు చూద్దాంలే" అనేవాడు. మేనేజరుకు చెబితే "ఉన్నవే నాలుగు బండ్లు, అదీ పక్కన పెడితే జనాన్ని భుజాన మోస్తావా?" అనేవాడు. ఇదంతా బావ నోటి వెంట ఆమె విన్నది. ప్రమాదం జరిగాక బస్సును డిపోకే లాక్కెళ్లారు. పరీక్ష చేసే అధికారి తీరిగ్గా వచ్చి చూసేసరికి బ్రేకులు కొత్త పెళ్లికూతురిలా తయారై ఉన్నాయి.

ఈ సంగతంతా ఆ రోజే ఇన్స్పెక్టరుకు పూస గుచ్చినట్టు చెప్పింది. ఆయన సగం పేజీ రాసి, "బండి సంగతి బండి వాళ్లు చూసుకుంటార్లే, నీకెందుకు?" అని సంతకం పెట్టించుకున్నాడు. ఆ పూట ఉన్న కంగారులో, రాసిందేమిటో చదివి వినిపించమని అడగాలన్న తెలివి ఆమెకు లేకపోయింది.

కోర్టు బల్ల మీద ఆమె పక్కనే ప్రతి వాయిదాకీ ఇంకో ఆడమనిషి కూర్చునేది. దర్జీ భార్య. మొదటి కొన్నిసార్లు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. డ్రైవరు మరదలినని తెలిస్తే ఆవిడ ఏమంటుందోనని కండక్టరమ్మ భయం. చివరికి ఒకరోజు ఆవిడే మంచినీళ్ల సీసా ఇటు జరిపి, "తాగమ్మాయ్, ఆ బంట్రోతు మీద అరిచి అరిచి గొంతెండిపోయుంటుంది," అంది.

ఆవిడ మొదటి సాక్షి. ఆవిడ వంతు అంతకుముందే అయిపోయింది.

"ఏం అడిగారు పిన్నిగారూ?"

"ఏం అడుగుతారు! ఇతను మీ ఆయనేనా అని ఫొటో చూపించారు. అవునన్నాను. వెళ్లమన్నారు." ఆవిడ చీర కొంగును వేలికి చుట్టుకుంది. "ఎవరైనా చెబుతారేమోనని ఇక్కడికి వస్తున్నాను. ఆ బస్సు ఎందుకు ఆగలేదు? మా ఆయన చూసుకుని దాటే మనిషి. ఇంట్లో గడప దాటేటప్పుడు కూడా కింద చూసుకునేవాడు. పట్టపగలు, అంత పెద్ద మలుపు. ఎందుకు ఆగలేదమ్మాయ్?"

కండక్టరమ్మ నోరు తెరవబోయి మూసుకుంది. సాక్షులు బయట ఒకరితో ఒకరు కేసు గురించి మాట్లాడుకోకూడదని ప్రభుత్వ వకీలు గట్టిగా చెప్పి ఉన్నాడు. "లోపల చెబుతాను పిన్నిగారూ. నన్ను పిలవనివ్వండి," అని మాత్రం అంది. ఆ మాట నోరు జారి వచ్చింది కాదు. అప్పట్నుంచి అదొక బాకీలా మెడకు చుట్టుకుంది.

తర్వాతి వాయిదాకు ముందు డిపో వకీలు ఆమెను తన ఆఫీసుకు పిలిపించుకున్నాడు. బావ తరఫున వాదించడానికి డిపో వాళ్లే పెట్టిన మనిషి. మాట పట్టులా ఉంటుంది.

"చూడమ్మా, నువ్వు ప్రభుత్వం తరఫు సాక్షివి. నీకు నేను పాఠాలు చెప్పకూడదు, చెప్పను," అంటూనే మొదలుపెట్టాడు. "కోర్టులో సాక్షి పని చాలా తేలిక. అడిగినదానికే జవాబు. అవునంటే అవును, కాదంటే కాదు. అతను ఒక్కసారిగా అడ్డం వచ్చాడా అంటే వచ్చాడు. అంతే. మీ బావ బయటపడతాడు."

"ఒక్కసారిగా రాలేదండీ. బ్రేకు..."

"బ్రేకు మాట నీకెందుకమ్మా? బ్రేకు అన్నావనుకో, పాడైన బండిని తెలిసి తెలిసి రోడ్డెక్కించాడంటారు. అది మీ బావకే చుట్టుకుంటుంది. పైగా డిపో పరువు. మీ ఇద్దరి అన్నమూ అక్కడిదే కదా!"

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"వకీలుగారు ఫోన్ చేశారు. తిక్క తిక్కగా మాట్లాడావట," అంది చెప్పులు విప్పకముందే.

"చూసింది చెబుతానన్నాను. అది తిక్కా?"

"మీ బావ కేసు కొట్టేస్తే మళ్లీ డ్యూటీ ఇస్తామన్నారే! మేనేజరు స్వయంగా మాటిచ్చాడు. నువ్వెళ్లి డిపో మీద బురద చల్లితే ఇస్తారా? ఆ ఉద్యోగంలో నిన్ను పెట్టించింది ఎవరే? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఆ దర్జీ తప్పులేదక్కా. అడ్డం వచ్చాడని నేనెలా చెప్పను? చచ్చినవాడి మీద చాడీ చెప్పమంటావా?"

"పోయినవాడు ఎలాగూ రాడు. ఉన్నవాడి సంగతి చూడవే చిన్నీ!" అక్క గుమ్మంలోంచి లేచి నిలబడింది. "ఇంట్లో ఎలా ఉంటున్నాడో నీకేం తెలుసు? గోడవైపు తిరిగి కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు."

అది కండక్టరమ్మకు తెలుసు. బావను ఎన్నిసార్లో అడిగింది. "బావా, బ్రేకు సంగతి నువ్వే చెప్పరాదూ?" అంటే, "చూద్దాంలే చిన్నీ," అనేవాడు. ఇంకా గుచ్చి అడిగితే లేచి వెళ్లిపోయేవాడు. గోడకు చెప్పుకున్నా ఒక్కోసారి ఇంత ప్రతిధ్వని వస్తుంది. ఆయన దగ్గర అదీ లేదు. తన కోసం తాను నోరు విప్పని మనిషి కోసం నేనెందుకు కొట్టుకోవాలి అని ఒక్కోసారి కసి పుట్టేది.

చివరికి ఒకరోజు నిజంగానే పిలిచారు. ఇన్ని రోజులు ఎదురుచూసిన పిలుపు అది.

"రెండో సాక్షీ!"

బోను అంటే ఏదో పెద్దగా ఉంటుందనుకుంది. తీరా చూస్తే నడుమెత్తు కటకటాలు, లోపల నిలబడటానికి ఒక చెక్క. ఎదురుగా జడ్జిగారు. కళ్లజోడు ముక్కు చివరికి జారిన నడివయసు ఆవిడ. పక్కన టైపు కొట్టే గుమస్తా. ఒక పక్క ప్రభుత్వ వకీలు, ఇంకో పక్క డిపో వకీలు. ముద్దాయి బోనులో బావ. వెనక వరసలో అక్క ఒక చివర, దర్జీ భార్య ఇంకో చివర.

ప్రమాణం చేయించారు. నిజమే చెబుతాను, అంతా నిజమే చెబుతాను, నిజం తప్ప మరేదీ చెప్పను అని. ఆ మాటలు అంటూంటే ఆమెకు కాస్త ధైర్యం వచ్చింది. అంతా నిజమే చెప్పమంటున్నారు కదా, ఇంకేం!

ప్రభుత్వ వకీలు గొంతు సవరించుకున్నాడు. "ఆ రోజు ఆ బస్సులో మీరు కండక్టరుగా ఉన్నారా?"

"ఉన్నానండీ."

"బస్సు నడిపింది ఈ ముద్దాయేనా?"

"అవునండీ."

"మలుపు దగ్గర బస్సు వేగం తగ్గిందా?"

"తగ్గలేదండీ, ఎందుకంటే..."

"తగ్గలేదు. రాసుకోండి."

తగ్గలేదు అన్న ముక్క టకటకా కాగితం మీద పడింది. ఎందుకంటే అన్న ముక్క గాలిలోనే ఉండిపోయింది.

"అది కాదండీ, నేను చెప్పేది పూర్తిగా..."

"అడిగినదానికే జవాబు చెప్పండి. మనిషి అడ్డంగా ఉన్నట్టు డ్రైవరుకు కనిపించిందా?"

"కనిపించిందండీ, కానీ..."

"కానీలు వద్దమ్మా. కనిపించింది. అయినా బస్సు ఆగలేదు. అంతేనా?"

"ఆగలేదు. కానీ ఆయన..."

"చాలు." ఆయన కూర్చున్నాడు. తను చెప్పినవన్నీ నిజాలే. అన్నీ కలిపి చూస్తే శుద్ధ అబద్ధం. ఇటుకలన్నీ తనవే అయి ఇల్లు మాత్రం పరాయివాడిదైనట్టుంది. ఆమె చేతులు కటకటాలను బిగించి పట్టుకున్నాయి.

డిపో వకీలు చిరునవ్వుతో లేచాడు.

"ఏమమ్మా, ఆ దర్జీ మూట పట్టుకుని ఒక్కసారిగా బస్సుకు అడ్డం పరిగెత్తాడు కదూ?"

వెనక అక్క ముందుకు వంగింది. కండక్టరమ్మ అటు చూడలేదు.

"లేదండీ. నడుస్తున్నాడు. మావైపు చూశాడు కూడా. ఆగుతుందనుకున్నాడు."

"ఆయన మనసులో ఏమనుకున్నాడో మీకెలా తెలిసింది? జాతకాలు కూడా చెబుతారా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి. "అది కాదండీ, చూసే నడిచాడు అంటున్నాను."

"ఒక్కసారిగా వచ్చాడా, లేదా? అవునో కాదో చెప్పండి."

"కాదు!" అంది. ఆపైన ఇక ఆగలేకపోయింది. "అతనూ అడ్డం రాలేదు, మా బావా వేగంగా తోలలేదు. బ్రేకు పట్టలేదండీ! ఆ ముక్క మీరెవరూ అడగరేం?"

వకీళ్లిద్దరూ ఒక్కసారే లేచి అభ్యంతరం చెప్పారు. ఇన్ని వాయిదాల్లో ఆ ఇద్దరూ ఒక్కమాట మీదికి రావడం అదే మొదటిసారి.

"బ్రేకు పట్టలేదని మీకెలా తెలుసు?" డిపో వకీలు గొంతులో ఇప్పుడు పట్టు లేదు.

"మా బావ చెప్పేవాడు. రోజూ చెప్పేవాడు."

"విన్నమాట. అది సాక్ష్యం కాదు."

"బ్రేకులు పాడైపోయాయండీ!"

"మీరు మెకానిక్కా?"

"కాదు."

"బ్రేకు విప్పి చూశారా?"

"లేదు."

"మరింకేం!"

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఏడుపు కాదది, ఉక్రోషం. జడ్జిగారి వైపు తిరిగింది. "అంతా నిజమే చెబుతానని మీరేగా ప్రమాణం చేయించారు? చెప్పబోతే వీళ్లిద్దరూ చెరో పక్కా నోరు నొక్కుతున్నారు. ఇంత నిజం అక్కర్లేకపోతే ప్రమాణమే కాస్త తగ్గించి చేయించుకోవాల్సింది!"

హాలంతా నవ్వింది. డిపో వకీలు ఏదో అనబోయాడు. జడ్జిగారు చెయ్యి ఎత్తి ఆపారు. ఆవిడ మాత్రం నవ్వలేదు.

"కోపం తర్వాత పడుదురుగాని, ముందు నా మాట వినండి," అన్నారు. "మీ బావ చెప్పింది మీ బావే చెప్పుకోవాలి. బ్రేకు ఎందుకు చెడిందో ఆ పని తెలిసినవాళ్లు చెప్పాలి. అవి మీరు చెబితే నేను రాసుకోలేను. రాసుకున్నా నిలబడవు. కాని ఆ సమయంలో మీరు బస్సులో ఉన్నారు. ఎక్కడ ఉన్నారు?"

"ముందు తలుపు దగ్గర. ఆసుపత్రి స్టాపు అని అరవడానికి ముందుకొచ్చాను."

"డ్రైవరు కనిపిస్తున్నాడా?"

"పక్కనే అండీ."

"అయితే మీ కళ్లు చూసింది చెప్పండి. అనుకున్నది కాదు, విన్నది కాదు. చూసింది."

 ఇన్నాళ్లుగా బ్రేకు బ్రేకు అని మనసులో జపం చేసీ చేసీ, ఆ రోజు అసలు ఏం చూసిందో కండక్టరమ్మ వెతుక్కోవాల్సి వచ్చింది. కళ్లు మూసుకుంది. ఎవరో ముసలాయన దిగడానికి కర్ర అందుకుంటున్నాడు. అద్దంలోంచి మూట కనిపిస్తోంది. తను ఇటు తిరిగింది.

"మోకాలండీ," అంది.

"ఏమిటి?"

"మా బావ కుడి మోకాలు. పైకీ కిందికీ, పైకీ కిందికీ ఆడుతోంది. తొక్కుతున్నాడు, కాలు తీస్తున్నాడు, మళ్లీ తొక్కుతున్నాడు. కుట్టుమిషను తొక్కినట్టు." అనేసి వెనక వరస గుర్తొచ్చి గతుక్కుమంది, కాని ఆగలేదు. "ఆ తర్వాత సీట్లోంచి పైకి లేచాడు. స్టీరింగు పట్టుకుని, ఒళ్లు బరువంతా వేసి, నిలబడి తొక్కాడు. బస్సు అలాగే వెళ్లింది."

హాలులో సద్దుమణిగింది. జడ్జిగారు గుమస్తాకు ఒక్కో మాటా తనే చెప్పి రాయించారు. మోకాలు, పైకి లేవడం, నిలబడి తొక్కడం. ఇంతకుముందు గాలిలో ఉండిపోయిన ముక్కలన్నీ ఒకటొకటిగా కాగితం మీదికి దిగుతుంటే కండక్టరమ్మకు ఊపిరి ఆడింది.

"అంతకుముందు ఆ రోజు ఇంకేమైనా చూశారా?"

"పొద్దున్నుంచీ ప్రతి స్టాపులోనూ బస్సు దాటిపోయాకే ఆగిందండీ. జనం వెనక్కి నడవాల్సి వచ్చింది. తోలేవాడిని వదిలేసి నన్నే తిట్టారు. ఒకావిడ, స్టాపు ఎక్కడుందో తెలీని కండక్టరు ఉంటే ఎంత, లేకపోతే ఎంత అంది."

డిపో వకీలు మళ్లీ లేచాడు. "ఈ మోకాలు కథ పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేదు. ఇప్పుడు కొత్తగా అల్లుకొచ్చారు. అవునా?"

"చెప్పానండీ. ఆయన రాయలేదు."

"రాయలేదని మీకెలా తెలుసు? చదివారా?"

"చదవలేదు."

"చదవకుండానే సంతకం పెట్టారన్నమాట. ముద్దాయి మీకు బావ. బావను కాపాడుకోవడానికే ఈ మోకాలు పుట్టించారు. అవునా, కాదా?"

"కాదు!"

జడ్జిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "వకీలుగారూ, నాకో సందేహం. మీరు ఎవరి తరఫున వాదిస్తున్నారు?"

"ముద్దాయి తరఫున మేడమ్."

"ముద్దాయికి పనికొచ్చే సాక్ష్యాన్ని మీరే ఇంత కష్టపడి పడగొడుతుంటే అనుమానమొచ్చింది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు. కండక్టరమ్మను దిగిపొమ్మన్నారు. దిగుతూ బావ వైపు చూసింది. ఆయన తల వంచుకుని తన మోకాలి వైపే చూసుకుంటున్నాడు. వరండాలో అక్క ఎదురుపడింది కాని, పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోయింది.

ఇంతటితో ధర్మం నాలుగు పాదాల మీద నడిచిందంటే వినడానికి బాగుండును. అలా జరగలేదు. డిపో మెకానిక్కును పిలిచారు. "రోజూ ఎన్నో బండ్లు వస్తాయండీ, ఏది ఏదో గుర్తుండదు," అన్నాడాయన. బండిని పరీక్ష చేసిన అధికారి, తను చూసేటప్పటికి బ్రేకులు బాగానే ఉన్నాయన్నాడు. అది నిజమే, ఆయన చూసేటప్పటికి బాగానే ఉన్నాయి. ఇన్స్పెక్టరు ఊరు మారిపోయాడు. ఆయన వచ్చేదాకా కొన్ని వాయిదాలు, వచ్చి "గుర్తులేదు" అనేదాకా ఇంకొన్ని.

చివరికి తీర్పు వచ్చింది. నేరం రుజువు కాలేదు, సందేహం ఉంది కాబట్టి ముద్దాయిని వదిలేశారు. ఆ సందేహం ఎక్కడ పుట్టిందో తీర్పులో ఉంది, రెండో సాక్షి మాటల వల్లనని. డిపో గురించి ఒక్క వాక్యం, బండ్ల నిర్వహణ మీద విచారణ జరిపితే మంచిదని. మంచిదే మరి. ఎవరు జరుపుతారు, ఎప్పుడు జరుపుతారు అన్నది లేదు. గెలిచామని పండగ చేసుకోవడానికి లేదు, ఓడామని ఏడవడానికీ లేదు. మింగలేక కక్కలేక కండక్టరమ్మ మెట్లు దిగింది.

మెట్ల కింద దర్జీ భార్య నిలబడి ఉంది. ఆవిడ మొహం చూడటానికి కండక్టరమ్మకు ధైర్యం చాలలేదు. డ్రైవరు విడుదలైతే ఆవిడకు సంతోషం ఏముంటుంది?

"క్షమించండి పిన్నిగారూ. కుట్టుమిషను అని నోరు జారాను."

"అదేం మాట! నాకు వెంటనే కళ్లకు కట్టింది. నా పెళ్లయ్యాక ఆయన పోయేదాకా ఆ మిషను చప్పుడు విననిరోజు లేదు." ఆవిడ దగ్గరికి వచ్చింది. "నిలబడి తొక్కాడా నిజంగా?"

"నిలబడి తొక్కాడు."

ఆవిడ తల ఊపింది. "అయితే ఇప్పుడు ఆ బస్సును అలా రోడ్డెక్కించినవాళ్ల సంగతి చూడాలి. వేరే కేసు వెయ్యొచ్చట, ఒక వకీలమ్మ చెప్పింది. నువ్వు మళ్లీ రావాల్సి ఉంటుందేమో."

మళ్లీ ఆ బల్ల, ఆ సున్నం పెచ్చులు, ఆ బంట్రోతు! తలుచుకునేసరికి కండక్టరమ్మకు తల తిరిగినంత పనైంది. "నా ఖర్మ," అంది పైకే. ఆ తర్వాత, "వస్తాను. రాక చస్తానా!" అంది.

డిపో వాళ్లు ఇచ్చిన మాట పైకి తప్పలేదు. బావకు డ్యూటీ ఇచ్చారు, బస్సు మాత్రం ఇవ్వలేదు. బండ్లు కడిగే చోట వేశారు. ఆమెను ఊరి చివరి దారికి మార్చారు. దుమ్ము తప్ప మనిషి ఎక్కని దారి అది. అక్క ఫోన్ చేయడం మానేసింది. చేస్తే ఎత్తడమూ మానేసింది.

ఒక మధ్యాహ్నం బస్సు కడిగించడానికి తీసుకెళ్తే బావే గొట్టం పట్టుకుని ఎదురొచ్చాడు. ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, రబ్బరు చెప్పులతో. చక్రాలు కడిగాడు. ఆమె చూస్తూ నిలబడింది. కడగడం అయ్యాక నీళ్లు కట్టేసి, గొట్టం చుట్ట చుడుతూ, మొహం ఎటో పెట్టి అన్నాడు.

"చిన్నీ, ఆ రోజు నేను నిజంగా తొక్కానా?"

"అదేంటి బావా?"

"నువ్వు కోర్టులో చెప్పేదాకా నాకే తెలీదు. ఆ మూట కనిపించడం గుర్తుంది. చప్పుడు గుర్తుంది. మధ్యలో ఏం చేశానో ఎంత తవ్వినా గుర్తు రాదు. అందరూ నిర్లక్ష్యం, నిర్లక్ష్యం అంటుంటే అదే నిజమేమో అనుకున్నాను. తొక్కలేదేమో, చేతులు ముడుచుకు కూర్చున్నానేమో అని." గొట్టం చుట్టడం ఆపేశాడు. "తొక్కనివాడు బ్రేకు చెడిందని ఎలా చెబుతాడు?"

 ఇంతకాలం మౌనంగా ఉన్నాడని కండక్టరమ్మ తిట్టుకుంది, భయస్తుడనుకుంది, డిపోకు అమ్ముడుపోయాడని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది. ఆ మనిషేమో తన కాలిని తనే నమ్మలేక గోడవైపు తిరిగి కూర్చున్నాడు. జాలి వచ్చింది. జాలి వెనకాలే, ఆపుకోలేనంత కోపం వచ్చింది.

"ఆ ముక్క నన్ను అడగొచ్చుగా బావా! పక్కనే ఉన్నానుగా! అన్ని వాయిదాలు, ఒకే వరండాలో చచ్చాం ఇద్దరం! ఒక్కసారి, ఒక్కసారి అడిగితే నీ నోరేం అరిగిపోయేది?"

"లేదని చెబుతావేమోనని," అన్నాడు బావ.

అవతల డ్రైవరు హారను కొట్టాడు. ఆమె కళ్లు తుడుచుకుని, ముందు తలుపు పట్టుకుని ఎక్కింది. మెట్టు మీద నిలబడి వెనక్కి తిరిగింది.

"తొక్కావు. నేను చూశాను," అంది గట్టిగా, బండ్లు కడిగే షెడ్డంతా వినపడేలా. "ఇంటికెళ్లి ఈ ముక్క అక్కకు కూడా చెప్పు. నేను చెబితే వినదు."

బస్సు బయల్దేరింది.